ఎక్కిన గేరులోనే దిగాలి

సముద్రం ఒడ్డున ఉద్యోగం, ఆదివారం కొండల్లో నడక. హజీరా తెలుగు కుటుంబాల సాపుతారా ప్రయాణంలో అసలు పరీక్ష తిరుగు దారిలోనే ఎదురవుతుంది.

హజీరాలో కొండలు లేవు. సూరత్‌ను దాటి తపతి నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ పారిశ్రామిక వాడలో తలెత్తి చూడాల్సినవేమైనా ఉంటే అవి పొగగొట్టాలు, రేవులోని క్రేన్లు. రోడ్లకు మాత్రం కొదవలేదు. ఒడిశాలోని పారాదీప్ దాకా వెళ్లే 53వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేది ఇక్కడే. ఉక్కు తయారీలో మిగిలిపోయే స్లాగ్‌తో దేశంలో తొలిసారిగా ఆరు వరుసల రోడ్డు వేసిందీ ఇక్కడే. 2022లో ప్రారంభమైన ఆ కిలోమీటరు రోడ్డు మీద భారీ ట్రెయిలర్లు రాత్రింబగళ్లు తిరుగుతుంటాయి. అయితే ఇన్ని రోడ్ల మీద ఎన్నేళ్లు కారు నడిపినా హజీరా వాసికి ఒక విద్య మాత్రం అబ్బదు. అది వాలు మీద బండిని అదుపు చేయడం. నేల అరచేయంత చదును. సిగ్నల్ దగ్గర హ్యాండ్ బ్రేకు వేయకపోయినా బండి కదలదు.

ఆ విద్య అవసరం జూన్ నెలాఖరులో ముంచుకొస్తుంది. మొదటి వానలు పడగానే సూరత్ నగరమంతా చూసేది సాపుతారా వైపే. గుజరాత్, మహారాష్ట్ర సరిహద్దులో, సహ్యాద్రి కొండల మీద దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు అది. డాంగ్ జిల్లా అడవుల మధ్య నుంచి వెళ్లాలి. సూరత్ నుంచి 160 కి.మీ.; హజీరా కాలనీల నుంచి బయల్దేరితే 180 కి.మీ. పైమాటే. వెళ్లిరావడానికి ఒక్క ఆదివారం చాలని అందరూ అనుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది.

విజయనగరం జిల్లా నుంచి వచ్చి పదకొండేళ్లుగా హజీరాలోని ఒక కర్మాగారంలో షిఫ్ట్ ఇంజనీరుగా పనిచేస్తున్న నలభై ఏళ్ల వ్యక్తి కూడా అలాగే అనుకున్నాడు. అరకు ఘాట్ రోడ్డు అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు, కాకపోతే బస్సు కిటికీలోంచి. సొంత కారు కొన్న రెండో ఏడాది, 2024 వానాకాలంలో, తొమ్మిదేళ్ల కూతురికి కొండెక్కిస్తానని మాటిచ్చాడు. సాపుతారా నుంచి నాసిక్ వైపు కొద్ది కిలోమీటర్లు వెళ్తే హట్‌గఢ్ కోట వస్తుంది. మరీ కష్టమైన నడక కాదు, పిల్లలూ ఎక్కగలరు. పైన రాతిలో తొలిచిన నీటి తొట్లు, చుట్టూ మేఘాలు. ఆ నెల మొదటి ఆదివారమే, జూలై 7న, సాపుతారా నుంచి సూరత్‌కు తిరిగొస్తున్న ప్రైవేటు బస్సు లోయలో పడి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ వార్త చదివిన భార్య ఒక షరతు పెట్టింది. కారు అతనే నడపొచ్చు గానీ, ఘాట్ రోడ్డు తెలిసిన మనిషి పక్కన కూర్చోవాలి.

అలా దొరికాడు లింబాయత్‌లో ఉండే డ్రైవరు. సూరత్‌లో తెలుగువాళ్లు రెండు రకాలు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు మొదటి రకం. చదువులు, క్యాంపస్ ఇంటర్వ్యూల దారిలో హజీరా కాలనీలకు చేరిన ఉద్యోగులు రెండో రకం. ఉగాదికో, వినాయక చవితికో తప్ప ఈ ఇద్దరూ కలిసేది తక్కువ. ఈ డ్రైవరు జగిత్యాల వైపు నుంచి ముప్పై ఏళ్ల కిందట పవర్‌లూమ్ పనికి వచ్చి, ఆ మోత పడక స్టీరింగ్ పట్టుకున్నవాడు. నాసిక్ దారిలో టెంపోలు, టూరిస్టు జీపులు నడిపి నడిపి ఘాట్‌లోని మలుపులన్నీ కంఠతా పట్టాడు.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరారు. బార్డోలీ దాటేదాకా చెరకు తోటలు. ఉనాయీ వేడినీటి బుగ్గల ఊరు దాటితే టేకు అడవి మొదలు. వాఘాయీ దగ్గర అంబికా నది గీరా జలపాతంగా దూకుతుంది. వానాకాలంలో అక్కడ ఆగకుండా వెళ్లే సూరత్ కారు ఉండదు. వీళ్లూ ఆగారు. గంట గడిచింది. రోడ్డు పక్క గుడిసెలో కాల్చిన నాగలీ రొట్టె తిన్నప్పుడు భార్య గుర్తుపట్టింది, "ఇవి మన చోళ్లే కదండీ" అని. డాంగ్ గిరిజనుల నాగలీ, ఉత్తరాంధ్ర చోళ్లు, మిగతా తెలుగునాట రాగులు అన్నీ ఒకటే. అక్కడ మరో అరగంట. అప్పటికి ఎవరికీ గడియారం గుర్తులేదు.

అసలు ఘాట్ శామగహాన్ ఊరు దాటాక మొదలవుతుంది. అంతవరకూ వంపులు తిరుగుతూ సాఫీగా సాగిన రోడ్డు ఒక్కసారిగా నిక్కుతుంది. ఒకవైపు నల్లటి రాతి గోడ, దాని మీంచి జారే నీళ్లు. మరోవైపు పిట్టగోడ, దాని అవతల తెల్లటి మంచు. అక్కడే పాఠం మొదలైంది.

"సార్, థర్డ్‌ల గుంజుతలేదు, సెకండ్‌కు రా. ఇంజిన్ ఏడ్వకముందే గేర్ మార్చాలె, ఏడ్చినంక గాదు" అన్నాడు డ్రైవరు. మలుపుకు ముందే హారన్, మలుపులో ఓవర్‌టేక్ అసలు వద్దు, ఎదురుగా బస్సు వస్తే దాని వెనక చక్రాలు లోపలివైపు కోసుకుని వస్తాయి కాబట్టి చోటు వదలాలి. ఇరుకు వాలులో ఎదురుపడితే దిగే బండే ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ఎక్కే బండి ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం. ఈ చివరిది డ్రైవర్ల మర్యాద అని ఇంజనీరు అనుకున్నాడు. నిజానికి అది చట్టం కూడా. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో ఆ మాట ఉంది.

"ఇంకొకటి యాదుంచుకో సార్. ఏ గేర్ల ఎక్కినవో గదే గేర్ల దిగాలె. బ్రేకు ఆపేటందుకు, దిగేటందుకు గాదు."

ఎక్కుతున్నప్పుడు ఆ మాట ఇంజనీరుకు పెద్దగా పట్టలేదు. ఎక్కడమే కష్టం, దిగడానికేముంది అన్నది మైదానంలో బండి నడిపేవాళ్ల ధీమా.

సాపుతారా చేరేసరికి పదకొండున్నర. సరస్సు చుట్టూ కార్లు, గుర్రాలు, మొక్కజొన్న పొత్తుల బళ్లు. పార్కింగ్‌కు ముప్పావు గంట, భోజనానికి ఇంకో గంట. హట్‌గఢ్ కింద కారు ఆపేసరికి రెండు దాటింది. డ్రైవరు కారు దగ్గరే ఉండిపోయాడు. "మూడున్నరకు కిందికి రావాలె సార్. పైదాకా పోయినా సరే, పోకున్నా సరే" అని మాత్రం చెప్పాడు.

తండ్రీ కూతుళ్లు ముందు, తల్లి వెనక. దక్కన్ పీఠభూమి అంతటా పరుచుకున్న బసాల్టు రాయే ఈ కోటకు పునాది, గోడ, మెట్టు. ఎండలో కాళ్లకు ఎంత పట్టు ఇస్తుందో నాచు పట్టాక అంత జారుతుంది. సగం మెట్లు ఎక్కేసరికే వాన మొదలైంది. కోట ద్వారం దగ్గరికి చేరేసరికి మూడు ఇరవై. శిఖరం ఇంకో ఇరవై నిమిషాలు. పాప ఆగనంటోంది. కిందికి చూస్తే దారి కనిపించడం లేదు, మేఘం కమ్మేసింది.

అప్పుడతను లెక్క వేశాడు. పైకి ఇరవై నిమిషాలు, దిగడానికి గంట, సాపుతారాలో ట్రాఫిక్ జామ్ ఇంకో గంట. అంటే ఘాట్ దిగేసరికి చీకటి, మంచు. మర్నాడు ఉదయం ఆరింటికి 'ఎ' షిఫ్ట్. పాపకిచ్చిన మాట ఒకవైపు, ఆ లెక్క మరోవైపు. "కోట ఎక్కడికీ పోదమ్మా, మళ్లీ వద్దాం" అన్నాడు. పాప ఏడ్చింది. వెనక్కి తిరిగారు. కొండల్లో నడిచేవాళ్లకు ఇది పాత సూత్రమే. శిఖరం మీదికి చేరడం ఇష్టాన్ని బట్టి, కిందికి చేరడం మాత్రం తప్పనిసరి. నడకలో ఆ సూత్రం పాటించిన మనిషే అరగంట తర్వాత కారులో దాన్ని మరిచిపోయాడు.

సాపుతారా దాటేసరికి అయిదున్నర. వందల కార్లు ఒకేసారి కిందికి దిగుతున్నాయి. వెనక నుంచి హారన్లు, పక్క నుంచి దూసుకెళ్లే మోటారు సైకిళ్లు. పోయిన సమయాన్ని వాలు మీద రాబట్టుకుందామన్న ఆరాటంలో మూడో గేరు వేశాడు. వేగం పెరిగినప్పుడల్లా బ్రేకు. నాలుగు మలుపులు తిరిగేసరికి కారులోకి కాలిన వాసన. బ్రేకు పెడల్ మెత్తబడింది. అంతకుముందు సగం తొక్కితే ఆగిన బండి ఇప్పుడు ఇంకాస్త లోతుకు తొక్కమంటోంది.

ఇందులో మాయ ఏమీ లేదు. మనుషులు, సామాన్లతో కలిపి ఒకటిన్నర టన్నుల కారు 500 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 25 లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా కాచేంత శక్తి విడుదలవుతుంది. ఆ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. చిన్న గేరులో దిగితే దానిలో ఎక్కువ భాగాన్ని ఇంజినే అణిచిపెడుతుంది. పెద్ద గేరులోనో, పెట్రోలు ఆదా అనుకుని న్యూట్రల్‌లోనో దిగితే భారమంతా బ్రేకు డిస్కుల మీద, డ్రమ్ముల మీద పడుతుంది. అవి కాగి బ్రేకు ప్యాడ్ల పట్టు సడలుతుంది. ఇంకా కాగితే బ్రేకు ఆయిల్ మరిగి గొట్టాల్లో బుడగలు చేరతాయి. అప్పుడు పెడల్ నేలకు ఆనినా బండి ఆగదు. ఇంజిన్ ఆపేసి దిగడం మరీ ప్రమాదం. బ్రేకుకు, స్టీరింగ్‌కు ఇంజిన్ నుంచి అందే సాయం ఆగిపోతుంది. గేర్లు తమంతట తామే మారే ఆటోమేటిక్ కార్లలోనూ ఇదే సూత్రం. వాటిలో చిన్న గేరులో బిగించి ఉంచే ఏర్పాటు ఘాట్ కోసమే. రోజూ 1,600 డిగ్రీల దగ్గర కరిగే ఉక్కును చూసే ఇంజనీరుకు వేడి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా తన చక్రాల్లో పుడుతున్న వేడి ఆ సాయంత్రం దాకా అతని లెక్కలోకి రాలేదు.

"ఎడమకు ఆపు సార్. ఆ వెడల్పు జాగల. హ్యాండ్ బ్రేక్ మీదనే ఇడవకు, గేర్ల పెట్టు, టైరు కింద రాయి పెడుత" అన్నాడు డ్రైవరు.

"అన్నా, పొద్దున్నే ఎ షిఫ్టు. ఇప్పటికే లేటయింది."

"షిఫ్టు రేపు గూడ ఉంటది."

చాయ్ కొట్టు ముందు నలభై నిమిషాలు ఆగారు. చల్లారడానికి చక్రాల మీద నీళ్లు పోద్దామనుకుంటే డ్రైవరు వారించాడు. కాగిన డిస్కు మీద చన్నీళ్లు పడితే అది వంకరపోతుంది, గాలికి దానంతటదే చల్లారాలి. ఆ నలభై నిమిషాల్లోనే అతను కొండగట్టు గురించి చెప్పాడు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లాలోని ఆ గుట్ట దిగుతూ, పట్టాల్సిన వాళ్లకన్నా ఎంతో ఎక్కువ మందితో ఉన్న ఆర్టీసీ బస్సు లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల ఊళ్లలో శవం లేవని వాడ లేదు. ఆ రోజు సూరత్‌లో లింబాయత్ గల్లీల్లో సెల్‌ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఊరికి పోయే రైలు కోసం జనం స్టేషన్‌కు పరుగెత్తారు. "మా దిక్కు గుట్ట చిన్నదే సార్. చిన్న గుట్ట, పెద్ద గుట్ట అని ఉండదు. ఎక్కుడు గాదు, దిగుడే" అన్నాడు.

ఇంజనీరు ఫోన్ తీసి షిఫ్టులోని సహోద్యోగికి చేశాడు. పొద్దున రెండు గంటలు తన బదులు నిలబడగలడా అని అడిగాడు. అవతలి మనిషి ఒక్క మాటలో సరేనన్నాడు. పొద్దుటి నుంచి వెంటపడుతున్న గడియారం ఒక్క ఫోన్‌తో వదిలిపోయింది. తర్వాత సెకండ్ గేరులో, ముందు బండికి దూరం ఉంచి, మంచులో హెడ్‌లైట్లు డిమ్ చేసి శామగహాన్ దాకా దిగారు. హారన్ కొట్టినవాళ్లందరికీ దారిచ్చారు. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

ఈ కథలో ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఎంత విలువైందో డాంగ్ కొండల్లో ఇటీవలి ఏళ్ల ప్రమాదాలు చెబుతాయి. 2018 డిసెంబరులో సూరత్ ట్యూషన్ క్లాసు పిల్లలు విహారయాత్ర ముగించుకుని మహల్ దారిలో తిరిగొస్తుండగా బస్సు లోయలో పడింది. పిల్లలతో సహా పది మంది బలయ్యారు. 2022 జూలైలో సాపుతారా చూసి సూరత్‌కు తిరిగొస్తున్న మహిళల బస్సు అదే ఘాట్‌లో పడింది. 2024 జూలై నాటిదీ తిరుగు ప్రయాణమే. 2025 ఫిబ్రవరి 2న తెల్లవారకముందే సాపుతారా దగ్గర మధ్యప్రదేశ్ యాత్రికుల బస్సు లోయలో పడింది. ప్రతి ప్రమాదానికీ దాని కారణాలు దానికి ఉంటాయి. అయితే సూరత్ వాళ్ల మూడు బస్సులూ వెళ్లేటప్పుడు క్షేమంగానే వెళ్లాయి. మూడూ తిరిగొస్తూ, పొద్దు వాలే వేళకు అటూ ఇటూగా పడ్డాయి. అలసట, చీకటి, ఇల్లు చేరాలన్న తొందర ఒకచోట కలిసే సమయం అది.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ చర్చ పిట్టగోడల ఎత్తు మీదికి, డ్రైవర్ల నిర్లక్ష్యం మీదికి మళ్లుతుంది. గోడలు కావాలి, మద్యం తనిఖీలు కావాలి, బస్సుల ఫిట్‌నెస్ చూడాలి. కానీ 370 కి.మీ. ప్రయాణాన్నీ, జలపాతాన్నీ, కోటనూ, భోజనాన్నీ ఒకే పగటిలో కుక్కే ప్రణాళిక మీద ఎవరూ కేసు పెట్టరు. ఆ ప్రణాళిక వేసేది ట్రావెల్స్ వాళ్లే కాదు, ప్రతి ఇంట్లో శనివారం రాత్రి భోజనాల దగ్గర వేసేదీ అదే. సోమవారం ఉదయం హాజరు పట్టీ పిలుస్తుంటే ఆదివారం సాయంత్రం ఘాట్ రోడ్డు మీద కాలు బ్రేకు మీద ఉన్నా మనసు మాత్రం యాక్సిలరేటర్ మీదే ఉంటుంది.

తెలుగువాళ్లకు దీనికి విరుగుడు కొత్తది కాదు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఒకటి దిగడానికి, ఒకటి ఎక్కడానికి కేటాయించి ఎదురెదురు ప్రయాణాన్నే తప్పించారు. తర్వాతి కాలంలో ఇంకో అడుగు ముందుకేసి, ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం పెట్టారు. టోల్‌గేట్ దగ్గర ఇచ్చే చీటీ మీద సమయం ఉంటుంది; అంతకన్నా ముందే చేరినవాడు వేగంగా వచ్చినట్టు తనకు తానే సాక్ష్యం. ఇందులో గమనించాల్సింది ఎక్కడం కన్నా దిగడానికి ఎక్కువ సమయం పెట్టడం. మైదానంలో పుట్టిన తెలివికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఘాట్ తెలిసినవాడికి అదే సరైన లెక్క. తిరుమలలో గడియారం తొందరపెట్టదు, ఆగమంటుంది.

సాపుతారా రోడ్డు రెండు రాష్ట్రాల మధ్య లారీలు, బస్సులు తిరిగే దారి. తిరుమలలోలా అక్కడ ఎక్కే దారి, దిగే దారి విడగొట్టడం తేలిక కాదు. కానీ వానాకాలపు ఆదివారాల్లో ఘాట్ పైన, కింద రెండు చోట్ల సమయం వేసిన చీటీ ఇవ్వడానికి కొత్త రోడ్డు అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, ఒక గొడుగు చాలు.

అది వచ్చేదాకా చేయగలిగింది ఇంట్లోనే ఉంది. ఆ ఇంజనీరు కుటుంబం ఇప్పుడు శనివారం షిఫ్టు అయ్యాక బయల్దేరి రాత్రికి ఘాట్ కింద వాఘాయీలో ఆగుతుంది. ఆదివారం వెలుతురు రాగానే ఘాట్ ఎక్కి, వాన ముదరకముందే నడక ముగించి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తిరిగి కిందికి దిగుతుంది. ఖర్చు ఒక గది అద్దె. 2025లో పాప హట్‌గఢ్ పైదాకా ఎక్కింది. ఇప్పుడు ఆమె అడుగుతున్నది సాల్హేర్. 1,567 మీటర్లతో మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తయిన కోట అది. 1672లో మొఘల్ సేనపై మరాఠాలు గెలిచిన చోటు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన 12 మరాఠా కోటల్లో ఒకటి. దానికి మాత్రం రెండు రోజులు సెలవు పెట్టాలని తండ్రి ముందే చెప్పాడు.